డ్యామ్ అక్కడ, కోత ఇక్కడ ఎందుకు?

ప్రశ్న: ఎక్కడో వందల కిలోమీటర్ల ఎగువన డ్యామ్ కడితే, నది కలిసే చోట సముద్రతీరం కోసుకుపోతుందంటారు. ఆ రెండింటికీ సంబంధం ఏంటండీ?

జవాబు: సంబంధం ఇసుకే. తీరం కదలనట్టు కనిపిస్తుంది కానీ, అక్కడి ఇసుక ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. అలలు ఏటవాలుగా వచ్చి దాన్ని పక్కకు నెడతాయి, వెనక్కి వెళ్తూ నేరుగా కిందికి లాగుతాయి. అలా కొంచెం కొంచెంగా తీరం వెంబడి సాగిపోతుంది. పోయినదాన్ని నది పూడ్చాలి. డ్యామ్ వెనక నీళ్లు నెమ్మదించగానే ఇసుక, ఒండ్రు జలాశయం అడుగునే ఉండిపోతాయి. రాబడి ఆగినా ఖర్చు ఆగని ఇల్లులా తయారవుతుంది తీరం.

నైలు నది మీద అస్వాన్ హై డ్యామ్ 1970లో పూర్తయింది. ఆ తర్వాత సముద్రానికి ఒండ్రు చేరడం దాదాపు ఆగిపోయింది. ఈజిప్టులో నైలు పాయ ఒకటి సముద్రంలో కలిసే రొసెట్టా దగ్గర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల వేగంగా కోతకు గురైంది. రాళ్ల గోడ కడితే ఆ ఒక్క చోటు నిలుస్తుంది, కోత పక్క తీరానికి జరుగుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అలాగని చేయగలిగింది లేదనుకోకండి. అమెరికాలో ఎల్వా నది మీది రెండు డ్యామ్‌లను 2011 నుంచి 2014 మధ్య తొలగించారు. ఆగిన ఇసుక, కంకర కొట్టుకొచ్చి ముఖద్వారం దగ్గర కొత్త బీచ్ ఏర్పడింది! డ్యామ్ తీసేయడం అన్నిచోట్లా కుదరదు, నిజమే. అలాంటి చోట కనీసం వరద రోజుల్లో అడుగు తూములు తెరిచి ఒండ్రును కిందికి వదలాలి, నదిలో ఇసుక తవ్వకం తగ్గించాలి.