ఆ రాత్రి బోర్డు మీద నేను రాసింది

నేపర్‌విల్

చి. అనూషకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ నాన్న విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇది చదువు మానేసి ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకుంటుందట, చెడగొట్టింది నువ్వే" అన్నాడు. చదువు మానడం లేదనీ, నువ్వూ నీ రూమ్మేట్లూ వారానికొక పాడ్‌కాస్ట్ చేస్తారంతేననీ వాడికి నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. మొదటి ఎపిసోడ్ 2017 డ్రాఫ్ట్ మీద, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే రోజు మీద, మన షికాగో జట్టు బేర్స్ మహోమ్స్‌ని వదిలేసిన కథ మీద అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల కిందట మా సోఫాలో కూర్చుని "బంతిని చేత్తో పట్టుకుని ఫుట్‌బాల్ అంటారేంటి పెదనాన్నా" అన్న పిల్లవి నువ్వు. గర్వంగానే ఉంది. టెన్షన్‌గానూ ఉంది.

మైక్ మంచిది కొనుక్కో. 40 నిమిషాలు దాటనివ్వకు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడకండి.

ఇంకో మాట. నువ్వు ఎఫ్-1 వీసా మీద, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నావు. ప్రకటనల డబ్బు ఒక్క డాలరైనా ముట్టుకునే ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి అడుగు. సీనియర్లు చెప్పారు, ఫర్వాలేదట అనొద్దు. పందాల యాప్‌ల వాళ్లు వస్తే మాత్రం అడగక్కర్లేదు, వద్దనేయ్. చాదస్తం అనుకుంటే అనుకో.

ఇక అసలు సంగతి. బేర్స్‌ని తిట్టడం ఈ ఊళ్లో అందరికీ వచ్చు. మూడో నంబరు నుంచి రెండుకి, ఒక్క మెట్టు ఎక్కడానికి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఏం ఇచ్చారో చదివే ఉంటావు. తమ మూడో పిక్, అంటే మూడోగా ఎంచుకునే వంతు, దాంతోపాటు 67, 111 నంబర్ల వంతులు, మరుసటి ఏడాది మూడో రౌండు పిక్. అంతా పోసి తెచ్చుకున్నది ట్రుబిస్కీని, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ని. ఆ 67 చేతులు మారి న్యూ ఆర్లిన్స్‌కి చేరితే వాళ్లు దాంతో కమారా లాంటి ఆటగాణ్ణి పట్టుకున్నారు. ధర తప్పా, మనిషిని ఎంచుకోవడం తప్పా అన్నవి రెండు వేర్వేరు వాదనలు. వాటిని కలిపి కలగాపులగం చేయకు. ధర సంగతి ఆ రాత్రే తిట్టొచ్చు, దానికి జరగబోయేది తెలియక్కర్లేదు. మార్చిలోనే గ్లెనన్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి మూడేళ్లకు నాలుగున్నర కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చి, ఏప్రిల్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ కోసం ఇంత పోయడం ఏంటని కూడా ఆ రాత్రే అడగొచ్చు.

మనిషి సంగతి అలా కాదు. అక్కడ నేను కాలు జారాను. అది నీకు రాయడానికే కూర్చున్నాను.

2017 ఏప్రిల్ 27, గురువారం. మా బేస్‌మెంట్లో ఐదారు కుటుంబాలు, మీ పెద్దమ్మ పులిహోర, గారెలు. డ్రాఫ్ట్ ఫిలడెల్ఫియాలో, హడావుడి మా ఇంట్లో. పిల్లల తెల్లబోర్డు మీద ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు వరసగా తెలుగులో నేనే రాశాను. ఒకటి ట్రుబిస్కీ, రెండు వాట్సన్, మూడు మహోమ్స్. అవతల మన ఒంగోలు మామయ్య కూర్చున్నాడు. నువ్వు గుళ్లో చూశావు, పొడుగ్గా ఉంటాడు. "ఆ మూడోవాడి చెయ్యి చూశావా బావా, ఎట్నుంచి ఎటైనా విసురుతున్నాడు" అన్నాడు. నేను నవ్వాను. "జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పినట్టు విసురుతున్నాడు, వీడి కాలేజీ టెక్సస్ టెక్ పోయినేడు 5 గెలిచి 7 ఓడింది, వీడేం చేస్తాడు" అన్నాను. అందరూ నవ్వారు. బేర్స్ ట్రుబిస్కీ పేరు చెప్పగానే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది కూడా నేనే.

తర్వాత ఏమైందో లోకానికి తెలుసు. పదో నంబరులో కాన్సస్ సిటీ చీఫ్స్‌కి వెళ్లిన మహోమ్స్ 2018లో 50 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే పాయింట్లు తెచ్చే పాస్‌లు వేసి ఎంవీపీ, అంటే ఏడాది మేటి ఆటగాడు అయ్యాడు. అదే ఏడాది మనవాళ్లు 12 గెలిచారు, ట్రుబిస్కీ మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి వెళ్లాడు. నాకౌట్ దశ ప్లేఆఫ్‌లో ఫిలడెల్ఫియా చేతిలో 16-15తో పోయింది, మన కిక్కర్ పార్కీ కొట్టిన బంతి గోల్ స్తంభానికీ, అడ్డకమ్మీకీ తగిలి బయటికొచ్చింది. మరుసటి ఏడాది మొత్తం కిందికి జారింది. ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు, ఆఫీసులో, గుళ్లో, పెళ్లిళ్లలో "నేను ఆ రోజే చెప్పాను" అనడం మొదలుపెట్టాను. అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదమ్మా, అదే భయం నాకు. నిజంగానే చెప్పినట్టు గుర్తుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను ఆకులు ముందే కోసి ఉంచానన్నాను.

2019 డిసెంబరు 22, సోల్జర్ ఫీల్డ్. చీఫ్స్ 26, బేర్స్ 3. టచ్‌డౌన్ పాస్ వేశాక మహోమ్స్ వేళ్లు ఒక్కొక్కటే పది దాకా లెక్కపెట్టాడు, తనను పదో నంబరులో తీసుకున్నారని. నేను పక్కకు తిరిగి ఒంగోలు మామయ్యతో, సాక్షాత్తూ ఆయనతో, "నేను ఆ రోజే ఈ కుర్రాడన్నాను" అన్నాను. ఆయన నా వంక చూశాడు. ఇంటికొచ్చేదాకా కార్లో ఒక్క మాట లేదు.

వారం తర్వాత వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. తెల్లబోర్డు, నా రాత, పక్కన గారె పట్టుకుని నేను. కింద ఏమీ రాయలేదు. నేను సిగ్గుపడి ఊరుకుని ఉంటే సరిపోయేది. "ఇన్నేళ్లు దాచుకున్నావా ఇది" అని ఫోన్ చేసి అరిచాను. అంతే. ఇప్పుడు అరోరా బాలాజీ గుళ్లో కనిపిస్తే బాగున్నావా అంటే బాగున్నావా అంటాం. పాతికేళ్లు పక్కపక్కన కూర్చుని మ్యాచ్‌లు చూసినవాళ్లం.

అందుకని నువ్వు మాట్లాడే ప్రతి డ్రాఫ్ట్‌కీ, ఆ రోజుకి ముందు ఎవరేమన్నారో తీసి, అది చదివాకే మైక్ ముందు కూర్చో. ట్రుబిస్కీ కాలేజీలో మొదటినుంచి ఆడినవి 13 మ్యాచ్‌లే, వాట్సన్ అదే జనవరిలో అలబామాని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. వాట్సన్‌ని కాదని ట్రుబిస్కీ ఎందుకన్న ప్రశ్న అప్పుడే వేయాల్సింది, వెయ్యి, గట్టిగా వెయ్యి. మహోమ్స్‌ని మాత్రం బేర్స్‌తో కలిపి 9 జట్లు దాటేశాయి. పదో పిక్ చేతిలో ఉన్న బఫెలో దాన్ని కాన్సస్ సిటీకే అమ్ముకుంది. ఆ బఫెలోకి మరుసటేడు జాష్ అలెన్ అనే మేటి క్వార్టర్‌బ్యాక్ దొరికాడు, వాళ్లని ఎవరూ తిట్టరు! పైగా మహోమ్స్‌కి కోచ్‌గా ఆండీ రీడ్ దొరికాడు, సీనియర్ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ వెనక ఏడాది కూర్చునే తీరిక దొరికింది. ఇక్కడికొచ్చిన ట్రుబిస్కీని అక్టోబరుకల్లా ఆటలోకి దింపారు, సీజన్ అయ్యాక కోచ్‌నే పంపేశారు.

మనం గెలిచిన పిక్‌లనీ ఓసారి తియ్యి. నేను ఈ దేశం వచ్చిన రెండో ఏడాది బేర్స్ సూపర్ బౌల్, అంటే సీజన్ ఫైనల్ గెలిచింది, 46-10. ఆ మ్యాచ్ ఎంవీపీ రిచర్డ్ డెంట్ 1983లో ఎనిమిదో రౌండులో, 203వ నంబరులో వచ్చినవాడు. అంటే మనవాళ్లు కూడా ఏడు రౌండ్లు అతన్ని వదిలేశారన్నమాట. దాన్ని తెలివి అంటావో అదృష్టం అంటావో నాకు ఇప్పటికీ తేలలేదు.

ట్రుబిస్కీని మరీ వెటకారం చెయ్యకు తల్లీ. డ్రాఫ్టయిన మర్నాడే షికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళితే, తెర మీద మొహం కనపడగానే హాలంతా బూ అని అరిచింది. 22 ఏళ్లు. ఇంకా ఒక్క బంతి వేయలేదు. తనను ఎంచుకోమని అతనేం అడగలేదు. నీ వయసే కదా, చూసుకో.

ఆ ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి ఎపిసోడ్‌లో వాడుకో. అది నా రాతేనని చెప్పు, దాచకు. ట కింద క్రావడి ఎడమవైపు మరీ పొడుగ్గా లాగుతాను, చిన్నప్పుడు మా మాస్టారు దానికే బెత్తంతో కొట్టేవారు. బోర్డు మీద చూడు, అలాగే ఉంటుంది.

ఎపిసోడ్‌కి ఒంగోలు మామయ్యని పిలువు. నేను పిలిస్తే రాడు, నువ్వు పిలిస్తే వస్తాడు. ఆ రోజు నేను కూడా వస్తాను, ముందుగా ఆయనకు చెప్పకు. పులిహోర పెద్దమ్మ చేస్తానంది.

మీ పెదనాన్న