అన్నం పళ్లెం దగ్గర పాఠం పెట్టకు

చి.సౌ. బుజ్జమ్మకి,

అత్త ఆశీస్సులు. బాబుకి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావనీ, బాబుకి ఆటిజం కదా అని వచ్చే నెల నుంచి వాణ్ణి ఏడాదిపాటు ఇంట్లోనే ఉంచుకుని చదువు నువ్వే చెప్పుకుంటావనీ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ‘అక్కా, అది ఒక్కతీ లాగగలదా?’ అన్నాడు. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది. పదేళ్లప్పుడు వీధిలో కుక్కపిల్ల కాలు విరిగితే చీపురుపుల్లలు కట్టి నెల్లాళ్లు సాకినదానివి. లాగగలవు.

తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన టైంటేబుల్ చూశాను. తొమ్మిదిన్నరకి రంగులు, పదికి అంకెలు, పదిన్నరకి మాటలు, పదకొండుకి కళ్లలోకి చూడటం. ఒంటిగంట గడిలో ‘భోజనం + అడిగించడం’ అని ఉంది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే కోప్పడతానేమోనని ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న పనులు. చెవి పరీక్ష ఎప్పుడో రెండేళ్లప్పుడు చేయించామన్నావు, మళ్లీ చేయించు. వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు, ఇంకా రాకపోతే వైకల్య సర్టిఫికెట్ కాగితాల వెంట పడమని అల్లుడుగారికి చెప్పు. అది చేతికొచ్చాక ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన నిరామయ ఆరోగ్య బీమాకి పెట్టండి, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చు వస్తుంది. నెలకి ఒక్కసారైనా బాబుని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల లోపాలున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి తీసుకెళ్లు. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు గానీ మేం చదువుకున్నప్పుడు అది ఎన్‌ఐఎంహెచ్, 1984లో పెట్టిన సంస్థ. ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే పని నేను నేర్చుకున్న చోటు. ఆటిజం పూర్తిగా నయం చేస్తామని చెప్పి లక్షలు అడిగేవాళ్ల గుమ్మం మాత్రం తొక్కకు.

ఇక బడి సంగతి. ఆ బడివాళ్లు ‘వచ్చే ఏడాది చూద్దాంలెండి, వేరే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు’ అన్నందుకు కదూ నీకీ పంతం? నీ కోపం నాకు తెలుసు. నేను పనిలో చేరేనాటికి ఉన్నది వికలాంగుల హక్కుల 1995 చట్టం. అందులో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం అన్న మాటే లేదు. ఆ పిల్లల్ని బుద్ధిమాంద్యం గడిలో రాసుకునేవాళ్లం. 2016 చట్టం వచ్చాక అవి 21 అయ్యాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉంటే ఆరో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా దగ్గర్లోని బడిలో గానీ, కావాలనుకుంటే ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కూ ఉంది. కాబట్టి ఆ బడి కాదంటే మరో బడి. కానీ వాళ్ల మీద కోపంతో వాడికి ఏడాదిపాటు పిల్లల సావాసం లేకుండా చెయ్యకే. వారంలో మూడు పూటలైనా, రెండేసి గంటలైనా, ఏదో ఒక చిన్న బడిలో గానీ అంగన్‌వాడీలో గానీ నలుగురి మధ్య కూర్చోనీ.

మా దగ్గర ఒక పిల్లాడికి వరసలో నిలబడటం నేర్పాలని ఏడాది తిప్పలు పడ్డాను. నేల మీద సుద్దతో పాదాలు గీశాను, చెయ్యి పట్టుకుని నిలబెట్టాను. ఉహూ. మామూలు బడికి పంపడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే మూడో తరగతి పిల్ల ఒకతి వాడి చేతికి పళ్లెం ఇచ్చి, తన గౌను అంచు పట్టుకోమని ముందు నడిచేది. కోడిగుడ్డు వేసే రోజు వాడే ముందు వెళ్లి ఆ గౌను అంచు పట్టుకోవడం చూశాను. ఆ పిల్లకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. అలాంటి పిల్ల మీ ఇంట్లో ఎక్కడినుంచి వస్తుంది చెప్పు?

ఇప్పుడు నేను చెప్పబోయేది మీ మావయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2005లో నేను విజయనగరం జిల్లాలో ఒక మండలానికి రిసోర్సు టీచర్ని. పిల్లలందరినీ బడిలో చేర్చాలన్న ప్రభుత్వ పథకం, సర్వశిక్షా అభియాన్ నడుస్తున్న రోజులు. బడికి రాలేని పిల్లల ఇళ్లకి వారానికోసారి వెళ్లి, తల్లికి పని చూపించి, నోటుపుస్తకంలో రాసి రావాలి. ఒక ఊళ్లో ఆరేళ్ల పిల్లాడు, మాట లేదు. ఆకలేస్తే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ చేతిని అన్నం గిన్నె మీద పెట్టేవాడు. అదే వాడు అడగడం. ఎంత తెలివైన పద్ధతో ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం నోరు విప్పకుండానే పని జరిగిపోతోంది కాబట్టి వీడికి మాట రావట్లేదనుకున్నాను. ‘చెయ్యి లాగితే వెళ్లకమ్మా. అన్నం చూపించు. అ అనో, మ్మ అనో ఏదో ఒక శబ్దం చేసేదాకా పెట్టకు’ అని చెప్పాను. ఎంతసేపు ఆగాలో చెప్పలేదు. శబ్దం రాకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు పొయ్యి వెలుగుతుందో కూడా అడగలేదు. బస్సు టైమైపోతోందని లేచి వచ్చేశాను.

తర్వాత రెండు వారాలు వైకల్య సర్టిఫికెట్ల శిబిరాల పని పడి వెళ్లలేకపోయాను. మూడో వారం వెళ్లేసరికి ఆవిడ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడకి రాయడం రాదు. అన్నం చూపించిన ప్రతిసారీ ఒక గీత, పిల్లాడు నోరు విప్పితే సున్నా చుట్టాలని తనే అనుకుందట. మూడు పేజీలు గీతలే, బుజ్జమ్మా. సున్నా ఒక్కటి లేదు. ‘ఒక రోజు రాత్రి దాకా ఆగాను మేడమ్, ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు, నిద్దట్లో పాలు పట్టాను’ అంది. చెప్పింది తప్పకుండా చేశానని చూపించుకుంటోంది నాకు. పిల్లాడు దూరంగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆవిడ కంచం ఎత్తగానే చెవులు మూసుకుని బయటికి పోయాడు. పక్కింటి ముసలమ్మ వచ్చి, ‘మా పెరట్లో కోళ్లకి జల్లిన నూకలు ఏరుకుని తింటున్నాడమ్మా’ అంది.

ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీరు చదువుకున్నోళ్లు, మీరు చెప్పారు కదా’ అంది. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

మర్నాడు ఆదివారమైనా వెళ్లాను. నోటుపుస్తకం వెనక్కి తీసుకున్నాను. మాటా వద్దు, అడగడమూ వద్దు, వాడు తినే వేళకి తినేది పెట్టడం ఒక్కటే పని అన్నాను. కానీ వాడు తల్లి దగ్గరికి రావడమే మానేశాడు. వారం రోజులు ఆవిడ కంచం గోడ దగ్గర పెట్టి, వెనక్కి వచ్చి, అటు తిరిగి కూర్చునేది. తర్వాత కాస్త దగ్గరగా. నెల తిరిగాక ఒక శనివారం నేను బస్సు దిగేసరికి ఆవిడ స్టాపులోనే నిలబడి ఉంది. పొద్దున్న వాడే కంచం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడట. రోడ్డు మీదే ఇద్దరం ఏడ్చాం.

ఆ కంచాన్నే మేం మాటగా తీసుకున్నాం. కంచం తెస్తే అన్నం, గ్లాసు తెస్తే నీళ్లు, తువ్వాలు తెస్తే స్నానం. తెచ్చిన ప్రతిసారీ ఆవిడ ఆ మాట ఒక్కసారి పలికి వెంటనే ఇచ్చేది. ఇప్పుడు ఆ అబ్బాయికి పాతికేళ్లు దాటాయి. ఈ రోజుకీ మాట లేదు. వాళ్ల నాన్నతో కలిసి ఆవులకి గడ్డి మోసుకొస్తాడు. నేను వెళితే గ్లాసుతో నీళ్లు తెచ్చి నా చేతికిస్తాడు. ఆ గ్లాసు అందుకున్నప్పుడల్లా నాకు ఆ గీతలు గుర్తొస్తాయి.

అందుకని ఒంటిగంట గడి కొట్టెయ్. పెన్నుతో కొట్టేసి నాకు ఫోటో పంపు. వీడియోల్లో చెప్పేవాళ్లు బిస్కెట్ చేతిలో పట్టుకుని పిల్లాడు నోరు విప్పేదాకా ఆగడం చూపిస్తారు. నువ్వలా చెయ్యకు. రెండు బిస్కెట్లు చూపించి ‘ఏది?’ అను, వేలు పెట్టినదే ఇచ్చెయ్. సరదా వస్తువులతో, బుడగలతో, ఉయ్యాలతో ఆ ఆట ఆడుకో. ఆకలితో మాత్రం వద్దు. కళ్లలోకి చూడటం గడి కూడా తీసెయ్. వాడికి నచ్చినది నీ ముఖం దగ్గర ఉంటే వాడే చూస్తాడు. గడ్డం పట్టుకుని తిప్పకు.

మిగతా గడుల్లో ఏం చెయ్యాలంటావా? ఇంట్లో పనులున్నాయి కదే. నిక్కరు తొడిగేటప్పుడు మోకాళ్ల దాకా నువ్వు లాగు, అక్కణ్ణుంచి నడుం దాకా వాణ్ణి లాక్కోనీ. పని చివరి ముక్క వాడిదైతే ‘అయిపోయింది’ అన్న సంతోషం వాడికి దక్కుతుంది. అది కుదిరాక మోకాళ్ల కింది నుంచి, ఆ తర్వాత పాదాల నుంచి. చేత్తో సాయం చెయ్యాల్సి వస్తే వెనక నిలబడి చెయ్యి, ఎదురుగా కాదు. బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు వాడి చేత పెట్టించు, రేపు పెన్సిల్ పట్టే వేళ్లు అవే. చిక్కుడుకాయల ఈనెలు తీయించు, వెల్లుల్లి ఒలిపించు. అంకెలు కావాలంటే పీట మీద పళ్లేలు లెక్కపెట్టి పెట్టమను. ఏదైనా చెప్పాక మనసులో పది లెక్కపెట్టు. మన ఆడవాళ్లకి ఆ పది అంకెలు ఆగడమే కష్టం, మూడు దాటకుండానే మళ్లీ చెప్పేస్తాం, వాడు మొదటినుంచి మొదలుపెట్టుకోవాల్సి వస్తుంది. కుక్కర్ కూత వేసే ముందు, మిక్సీ వేసే ముందు ఒక్క మాట చెప్పి వెయ్యి.

బాబు దాహమైతే ‘నీళ్లు తాగుతావా’ అంటున్నాడనీ, తిరగేసి మాట్లాడుతున్నాడనీ బాధపడ్డావు. తిరగెయ్యడం కాదు. దాహమైనప్పుడల్లా వాడికి వినపడిన మాట అదే, మొత్తం కలిపి ఒకే మాటగా పట్టుకున్నాడు. ‘తాగుతావా కాదు, తాగుతాను అనాలి’ అని దిద్దకు. ప్రశ్నలు తగ్గించి, వాడు అనవలసిన మాట వాడి బదులు నువ్వే అను. గ్లాసు చూడగానే ‘నీళ్లు తాగుతా’ అని ఇచ్చెయ్. అది విని విని పట్టుకుంటాడు. ఇంకో సంగతి, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమన్నారట. వద్దు. రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన ఆటిజం పిల్లలు వెనకబడతారని పరిశోధనల్లో తేలలేదు. మీ అత్తగారికి ఇంగ్లిష్ రాదు, ఆవిడ రోజూ చెప్పే కథ వాడికి అందకుండా పోతుంది. నువ్వు కూడా ఇంగ్లిష్‌లో అంత ముద్దుగా మాట్లాడలేవు.

తలుపు సంగతి మర్చిపోకు. మీరు నాలుగో అంతస్తు, కింద సంపు ఉంది, ఈత కొలను ఉంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి నీళ్లంటే లాగుడు. నేను పనిచేసిన చోట ఒక సాయంత్రం ఊరంతా లాంతర్లు పట్టుకుని వెతికితే, తప్పిపోయిన ఒక పిల్లాడు చెరువు గట్టున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బతికాం ఆరోజు. తలుపుకి వాడికి అందని ఎత్తులో గడియ పెట్టించు, ఈ వారమే. సంపు మూతకి తాళం. వాచ్‌మన్‌కి వాడి ఫోటో ఇచ్చి, పేరు పిలిస్తే తిరిగి చూడకపోవచ్చని చెప్పు. ప్రతి చొక్కా లోపల నీ ఫోన్ నంబరు కుట్టు. ఈ ఉత్తరంలో మిగతావి నెమ్మదిగా చేసినా సరే, ఇది ఆపకు.

ఉద్యోగం గురించి అడగలేదు గానీ చెబుతున్నా. రాజీనామా ఇంకా ఆమోదం కాలేదని మీ నాన్న అన్నాడు. జీతం లేని సెలవు దొరుకుతుందేమో అడిగి చూడు. రోజంతా నువ్వూ వాడూ నాలుగు గోడల మధ్య ఉండిపోతే నీకు వాడు కొడుకు కాకుండా పనైపోతాడని నా భయం. ఆదివారం పూట మొత్తం అల్లుడుగారిది, స్నానం దగ్గర్నుంచి. ఆ పూట నువ్వు పడుకో. మొన్న ఫోటోలో నీ కళ్ల కింద నలుపు చూశాను. తల దువ్వుకోవడం కూడా మానేశావా ఏమిటే?

దసరా వెళ్లగానే వస్తున్నాను, పదిహేను రోజులు ఉంటాను. వాడికి పాఠం చెప్పడానికి కాదు. నువ్వు వాడి పక్కన కూర్చుంటే నేను నీ పక్కన కూర్చుంటాను. కొత్త మనిషిని కదా, ఈ లోపల నా ఫోటో రోజూ వాడికి చూపిస్తూ ఉండు. స్టేషన్‌కి వాణ్ణి తీసుకురాకు, ఆ గోల వాడు పడలేడు. నేనే ఆటోలో వస్తాను.

గిన్నె మూతలు గిరగిరా తిప్పుతూ గంటలు గంటలు కూర్చుంటాడని, మాన్పించాలా అని అడిగావు. మన పాత ఇంట్లో ఇత్తడి చెంబు మూత ఒకటుంది, ఒక్కసారి తిప్పితే ఎంతకీ ఆగదు. నాలుగేళ్లప్పుడు సావిట్లో కూర్చుని నువ్వు తిప్పినదే. చింతపండు పెట్టి తోమి సంచిలో పెట్టాను, వాడి పక్కన కూర్చుని నువ్వూ ఒకటి తిప్పుదువుగాని.

ఇట్లు,
మీ అత్త