ఎపాక్సీలో ఫాస్ఫరస్‌ను బంధంతో కట్టేయడం: డోపో లెక్క

ఎపాక్సీ రెజిన్ మంటకు తట్టుకోవాలని ట్రైఫినైల్ ఫాస్ఫేట్ కలిపితే, మంట ఆగుతోంది గానీ ఎపాక్సీ మెత్తబడి, కొన్నాళ్లకు పైన జిడ్డు తేలుతోందని, బదులుగా ఏం వాడాలని మీరు అడిగారు. అది రెజిన్‌కు అతుక్కోదు, ప్లాస్టిసైజర్‌లా మధ్యలో ఉంటుందంతే. డోపో (DOPO అనే ఫాస్ఫరస్ సమ్మేళనం) వాడండి. దాని పీ-హెచ్ (ఫాస్ఫరస్-హైడ్రోజన్) బంధం ఎపాక్సీ వలయాన్ని తెరిచి అక్కడే అతుక్కుంటుంది. ఫాస్ఫరస్ 14.3 శాతం.

ఒక్కో డోపో అణువు ఒక ఎపాక్సీని తినేస్తుంది, చిక్కంతా అక్కడే. బిస్‌ఫినాల్-ఎ రెజిన్‌కు ఉన్నవే రెండు చివరలు. ఒకటి పోతే ఆ అణువు అల్లికలో వేలాడే తోక, టీజీ (గట్టిపడ్డ రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రత) పడిపోతుంది. అందుకే ఫినాల్ నోవలాక్ ఎపాక్సీ తీసుకోండి. అణువుకు సగటున 3.6 ఎపాక్సీలున్న రకంలో కింది మోతాదు పట్టాక కూడా దాదాపు 3 మిగులుతాయి.

100 గ్రాముల నోవలాక్ (ఎపాక్సీ ఈక్వివలెంట్ 178, అంటే ఒక మోల్ ఎపాక్సీలు ఉండే రెజిన్ 178 గ్రాములు), 21 గ్రాముల డోపో. రెజిన్‌ను 100 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో గాలి తీసి, నైట్రోజన్ కింద 120–130కి తెచ్చి, బాగా ఆరబెట్టిన డోపోను విడతలుగా వేయండి. తడి తగిలితే దాని వలయం తెరుచుకుని ఆమ్లమవుతుంది. పూర్తిగా కరిగాకే 0.1–0.2 గ్రాముల ట్రైఫినైల్ ఫాస్ఫీన్ (ఉత్ప్రేరకం) వేసి, 140–150 దగ్గర కొన్ని గంటలు ఉంచండి. తొందరపడి వేడి పెంచితే ఎపాక్సీలు వాటిలో అవే కలిసిపోయి ఫ్లాస్క్‌లోనే జెల్ అవుతుంది. గడియారాన్ని నమ్మొద్దు, టైట్రేషన్ చేయండి: ఈక్వివలెంట్ 260 దగ్గరకు రావాలి. బాగా దాటితే జెల్ మొదలైనట్టే. ఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో) 2400 సెం.మీ⁻¹ ప్రాంతపు పీ-హెచ్ పట్టీ కూడా మాయమవ్వాలి.

ఎక్కువమంది తప్పేది హార్డెనర్ దగ్గర. పాత లెక్కన డీడీఎస్ (డైఅమినోడైఫినైల్ సల్ఫోన్ అనే అమీన్ హార్డెనర్) దాదాపు 35 గ్రాములు పడుతుంది. కొన్ని ఎపాక్సీలను డోపో తినేసింది కాబట్టి ఇప్పుడు 29 చాలు. పాత తూకమే వేస్తే మిగిలిన అమీన్ టీజీని దించి నీటిని పీలుస్తుంది, నింద మాత్రం డోపో మీద పడుతుంది. 29తో మొత్తం 150 గ్రాములు, ఫాస్ఫరస్ 2 శాతం. మిశ్రమం చిక్కగా ఉంటుంది కాబట్టి డీడీఎస్‌ను 120–130 దగ్గర కరిగించి, వేడి అచ్చులో పోయండి. క్యూర్ 150 దగ్గర 2 గంటలు, 180 దగ్గర ఇంకో 2.

3–4 మిల్లీమీటర్ల పట్టీకి యూఎల్-94 వీ-0 (ప్లాస్టిక్‌ల మంట పరీక్షలో ఒక రేటింగ్) రావడానికి సాధారణంగా ఈ 2 శాతం సరిపోతుంది: ఐదు పట్టీలు, ఒక్కోదానికి 10 సెకన్ల మంట రెండుసార్లు, ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరాలి, మొత్తం 50 సెకన్లు దాటకూడదు, కింది దూది అంటుకోకూడదు. పట్టీ పలచనైతే మళ్లీ పరీక్షించాల్సిందే. 3 మిల్లీమీటర్లకు వచ్చిన వీ-0 ఒక మిల్లీమీటరుకు చెల్లదు.