గుడి గంట మీద పచ్చ చిలుము: చింతపండుతో తోమొచ్చా?

మీ ఊరి గుడిలో పాత కంచు గంట మీద లేత పచ్చ మచ్చలు లేచాయని, జాతరలోపు చింతపండు, ఉప్పు పెట్టి తోమిద్దామనుకుంటున్నామని రాశారు. దయచేసి ఆపండి. నల్లగొండలో కెమిస్ట్రీ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం దేవరకొండ వైపు కొన్ని గుడి గంటల చిలుము పరీక్షించాను, ఆ అనుభవంతో చెప్తున్నాను.

పచ్చగా కనబడేదంతా చెడ్డది కాదు. ముదురు రంగులో, గోటితో గీకినా రాలకుండా గట్టిగా ఉన్న పొర ఏళ్ల తరబడి కట్టుకున్నది, లోపలి లోహాన్ని కాపాడేది అదే. చింతపండు పులుపు ఆ పొరను కరిగించేస్తుంది. గంట మీద అక్షరాలుంటే తోమినకొద్దీ అవీ అరిగిపోతాయి.

భయపడాల్సింది పిండిలా రాలే లేత పచ్చ మచ్చలకు. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి లోపల ఉండిపోతుంది. దానికి తేమ, గాలి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి ఇంకాస్త రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారవుతుంది. అందుకే పైపొడి దులిపినా వానాకాలం రాగానే మచ్చ మళ్లీ లేస్తుంది. మేం చూసినవాటిలో ఈ మచ్చలు ఎక్కువగా గంట అంచు దగ్గరే ఉన్నాయి. కడిగిన నీళ్లు, కొబ్బరినీళ్లు జారి నిలిచేది అక్కడే కదా. మన జిల్లా నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, గంట విషయంలో మాత్రం చూడాల్సింది ఉప్పు బోర్లను.

రాలిన పొడిని చిటికెడు కాగితంలోకి తీసుకొని దగ్గరి డిగ్రీ కాలేజీ ల్యాబుకు ఇవ్వండి. పలచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, క్లోరైడు ఉంటే తెల్లగా విరుగుతుంది. గంట మీద మాత్రం ఏ ఆమ్లమూ వేయకండి.

క్లోరైడు ఉందని తేలితే సొంత వైద్యం వద్దు. రాగి తుప్పును ఆపే బెంజోట్రయజోల్ లాంటి రసాయనాలు వాడతారు గానీ అవి ఒంటికి మంచివి కావు, తెలిసినవాళ్లే చేయాలి. నల్లగొండ పక్కనున్న పానగల్లు మ్యూజియంలో అడిగితే పురావస్తు శాఖలో ఎవరిని కలవాలో చెప్తారు. క్లోరైడు లేదని తేలితే మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పూస్తే చాలు. ఏది తేలినా కొబ్బరికాయ కొట్టే రాయిని మాత్రం గంట కింది నుంచి దూరంగా జరిపించండి, పూజారిగారు కాదనరు.