వార్నింగుల పని ఇచ్చారని ఇంటర్న్‌షిప్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఆఖరి సంవత్సరం. గచ్చిబౌలిలో యంత్రాల్లోని చిప్‌లకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక ఎంబెడెడ్ కంపెనీలో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌కి చేరింది. నెల దాటినా కొత్త కోడ్ రాయనివ్వలేదట. పాత సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు బిల్డ్ చేస్తే 1,400 కంపైలర్ వార్నింగులు వస్తున్నాయట, వాటిని తగ్గించమన్నారట. ‘చెత్త ఊడ్చే పని ఇచ్చారు, మానేసి అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటా’ అంటోంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: మాన్పించొద్దండి. రాసిన కోడ్‌ని యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా మార్చేది కంపైలర్, అలా మార్చడమే బిల్డ్. మార్చేటప్పుడు ‘ఇక్కడ తప్పుండొచ్చు’ అని అది చెప్పేవే వార్నింగులు. కొత్తగా చేరినవాళ్లకు ఒక ఫీచర్ అప్పగిస్తే దానికి సంబంధించిన నాలుగు ఫైళ్లే తెలుస్తాయి. వార్నింగులు అప్పగిస్తే ప్రాజెక్టు మొత్తం తిరగాల్సి వస్తుంది. ఏ మాడ్యూల్ ఎవరిది, ఏ లైబ్రరీ బయటినుంచి తెచ్చింది, బిల్డ్ ఎలా నడుస్తుంది, అన్నీ చేతికి తగులుతాయి. కాకపోతే పని సరిగ్గా చేయాలి. వార్నింగుల నోరు నొక్కుకుంటూ పోతే కంపెనీకి నష్టం, అమ్మాయికీ ఏమీ మిగలదు. అందుకే మిగతాది తనకే నేరుగా రాస్తున్నాను, చదివించండి.

తల్లీ, ముందు ఆ 1,400 అన్న లెక్కను నమ్మకు. బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా తుడిచేసి మొదటినుంచి బిల్డ్ చెయ్యి. లేకపోతే మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి, మిగతావాటి వార్నింగులు కనిపించవు. బిల్డ్ ప్రింట్ చేసే లాగ్‌ని ఫైల్లోకి మళ్లించేటప్పుడు కమాండ్ చివర 2>&1 పెట్టు. కంపైలర్ వార్నింగులు వెళ్లేది ఎర్రర్ స్ట్రీమ్‌లోకి. అది మరిచిపోతే ఫైల్లో ఒక్క వార్నింగూ ఉండకపోవచ్చు, అంతా శుభ్రంగా ఉందనుకుంటావు. తర్వాత డూప్లికేట్లు తీసెయ్యి. హెడర్‌లో (చాలా ఫైళ్లు కలిపి వాడుకునే ఫైల్లో) ఉన్న ఒకే తప్పు, దాన్ని ఇంక్లూడ్ చేసుకున్న ప్రతి సోర్సు ఫైలుకీ మళ్లీ ప్రింటవుతుంది. 40 ఫైళ్లు వాడే హెడర్‌లో 5 వార్నింగులుంటే లాగ్‌లో అవే 200. మిగిలినవాటిని, ప్రతి వార్నింగు చివర చదరపు బ్రాకెట్లో కనిపించే ఫ్లాగ్ పేరును (ఆ వార్నింగు రకాన్ని) బట్టి లెక్కకట్టు.

డీబగ్ (తప్పులు వెతకడానికి చేసేది), రిలీజ్ (బయటికిచ్చేది, ఆప్టిమైజేషన్‌తో, అంటే కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చి చేసేది) రెండు బిల్డులూ చూడాలి. విలువ పెట్టకుండానే వాడే అవకాశమున్న వేరియబుల్‌ని పట్టుకునే ‘మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్’ వార్నింగు జీసీసీ అనే కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. ఇంకోమాట: ‘డబ్ల్యూ-ఆల్’ (-Wall) అన్న కంపైలర్ ఆప్షన్ పేరు చూసి అన్ని వార్నింగులూ వచ్చేస్తాయనుకోకు. ‘డబ్ల్యూ-ఎక్స్‌ట్రా’ వేరు, ‘షాడో’ (ఒకే పేరు లోపల మళ్లీ వాడితే చెప్పేది), ‘కన్వర్షన్’ (రకం మారేటప్పుడు విలువ తేడా రావచ్చని చెప్పేది) వేరు. ‘కన్వర్షన్’ని మాత్రం ఆఖరికి ఉంచు, పాత కోడ్ మీద మొదట్లోనే పెడితే కుప్పలుగా వచ్చిపడి టీమంతా విసుక్కుంటారు.

చిప్ కంపెనీ ఇచ్చిన ఎస్‌డీకే (ఆ చిప్‌కి కోడ్ రాయడానికిచ్చే రెడీమేడ్ ఫైళ్ల కట్ట) హెడర్ల జోలికి వెళ్లకు. కొత్త వెర్షన్ రాగానే నీ మార్పులన్నీ పోతాయి. బిల్డ్‌ని ఏర్పాటు చేసే సీమేక్ అనే టూల్ వాడుతుంటే ఆ ఇంక్లూడ్ డైరెక్టరీలకు ‘సిస్టమ్’ అని చేరిస్తే చాలు, కంపైలర్ వాటి గురించి ఊరుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. మైనస్ రాగల (సైన్డ్) సంఖ్యనీ, మైనస్ లేని (అన్‌సైన్డ్) సంఖ్యనీ పోల్చితే వచ్చే ‘సైన్-కంపేర్’ వార్నింగునే తీసుకో. డేటా చదివే ఫంక్షన్ ఎన్ని బైట్లు వచ్చాయో ఇంట్‌లో (సైన్డ్ పూర్ణాంకంలో) చెబుతుంది, ఫెయిలైతే మైనస్ 1 ఇస్తుంది. కింద కోడ్‌లో ‘వచ్చింది ప్యాకెట్ హెడర్ (ప్యాకెట్ మొదటి భాగం) సైజు 8 బైట్ల కన్నా తక్కువైతే వెనక్కి వెళ్లు’ అని ఉంటుంది, ఆ సైజుని సైజ్‌ఆఫ్‌తో తీసుకుంటారు. సైజ్‌ఆఫ్ ఇచ్చేది అన్‌సైన్డ్ కాబట్టి పోల్చే ముందు మైనస్ 1 కూడా అన్‌సైన్డ్ అయిపోతుంది. 32 బిట్ కంట్రోలర్‌లో అది 4294967295. అది 8 కన్నా తక్కువ కాదు, కాబట్టి ఫెయిలైన రీడ్ దర్జాగా ముందుకెళ్లి బఫర్‌లో ఉన్న పాత చెత్తను ప్యాకెట్ అనుకుని చదువుతుంది. అన్‌సైన్డ్‌కి కాస్ట్ పెడితే (రకాన్ని బలవంతంగా మార్చేస్తే) వార్నింగు పోతుంది, బగ్ అక్కడే ఉంటుంది, దాన్ని చూపించే వేలు ఒక్కటే పోతుంది. ముందు సున్నా కన్నా తక్కువేమో విడిగా చూసి, ఆ తర్వాతే సైజుతో పోల్చాలి.

‘అన్‌యూజ్డ్ వేరియబుల్’ ఇంకా అమాయకంగా కనిపిస్తుంది, అదే ఎంబెడెడ్‌లో ప్రమాదం. స్టేటస్ రిజిస్టర్‌ని (చిప్ తన స్థితి చూపించే గడిని) ఒక వేరియబుల్‌లోకి చదివి, ఆ వేరియబుల్‌ని ఎక్కడా వాడని లైను తగలొచ్చు. పనికిరాదని తీసేశావనుకో. చాలా చిప్‌లలో కొన్ని రిజిస్టర్లను చదవగానే వాటిలోని ఫ్లాగ్ (గుర్తు బిట్) క్లియర్ అవుతుంది. చదవడమే ఆగిపోతే ఇంటరప్ట్ (పని మధ్యలో ఆపి హార్డ్‌వేర్ ఇచ్చే పిలుపు) క్లియర్ కాక మళ్లీ మళ్లీ వస్తుంది, బోర్డు అక్కడే చిక్కుకుంటుంది. డేటాషీట్‌లో ఆ రిజిస్టర్ పేజీ తెరిచి చూడకుండా అలాంటి లైను తీయకు. చదవడం ఉంచి, వేరియబుల్‌ని తీసేసి, ఎందుకు చదువుతున్నామో పక్కన కామెంట్ రాయి. ఇలాంటిది ఒక్కటి దొరికినా మాడ్యూల్ చూసే సీనియర్‌ని అడుగు. అడిగితే తక్కువగా చూస్తారేమో అనుకోకు.

ఒక కమిట్‌లో (ఒకసారి పంపే మార్పుల కట్టలో) ఒకే రకం వార్నింగు, అదీ 30 చోట్ల మించకుండా. వాడని పారామీటర్లు తీసిన మార్పునీ, పైన చెప్పిన సైజు బగ్‌నీ కలిపి పంపితే రివ్యూ చేసేవాళ్ల కన్ను రెండోదాన్ని దాటేస్తుంది.

తగ్గించినవి మళ్లీ పెరగకుండా చూసుకోవడమే ఈ పనిలో కష్టం. అందరూ చేసే తప్పు, ఒకరోజు ‘డబ్ల్యూ-ఎర్రర్’ (ప్రతి వార్నింగునీ బిల్డ్ ఆపేసే ఎర్రర్‌గా మార్చేది) పెట్టేయడం. మర్నాడు ఎవరి బిల్డూ నడవదు, సాయంత్రానికి దాన్ని తీసేస్తారు. లినక్స్ కెర్నెల్‌లోనే 2021లో దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేసి, చాలా బిల్డులు ఆగడంతో కొన్ని రోజుల్లోనే ఆ డిఫాల్ట్‌ని టెస్ట్ బిల్డులకు పరిమితం చేశారు. కంపైలర్ మారినా ఇదే గొడవ. స్విచ్‌లో బ్రేక్ మరిచారేమో చెప్పే వార్నింగు 2017లో జీసీసీ 7తో ‘డబ్ల్యూ-ఎక్స్‌ట్రా’లో చేరింది, ‘డబ్ల్యూ-ఎర్రర్’ కూడా పెట్టుకున్న చోట అప్పటిదాకా నడిచిన కోడే కొత్త కంపైలర్‌తో ఆగిపోయింది. కాబట్టి ఒక రకం సున్నాకి వచ్చాక ఆ ఒక్కదాన్నే ఎర్రర్‌గా మార్చు, అదీ సీఐ బిల్డులో (మార్పు పంపిన ప్రతిసారీ సర్వర్ తనంతట చేసే బిల్డులో) మాత్రమే. సీమేక్ 3.24 నుంచి వార్నింగుల్ని ఎర్రర్లు చేయడానికి టార్గెట్ (బిల్డ్‌లో తయారయ్యే ఒక్కో ప్రోగ్రామ్ లేదా లైబ్రరీ) ప్రాపర్టీ ఉంది; దాన్ని వాడితే అన్ని వార్నింగులూ ఎర్రర్లవుతాయి గనుక పూర్తిగా శుభ్రపడిన టార్గెట్లకే పెట్టు. తప్పనిసరై ఎక్కడైనా వార్నింగు ఆపాల్సి వస్తే ప్రాగ్మా (కోడ్‌లోనే కంపైలర్‌కి ఇచ్చే ఆదేశం) పుష్, పాప్‌ల మధ్య ఆ రెండు లైన్లకే ఆపు, కారణం రాయి.

రెజ్యూమెలో ‘వార్నింగులు సరిచేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. డూప్లికేట్లు తీశాక ఎన్ని, ఇప్పుడెన్ని, వాటిలో నిజమైన బగ్‌లెన్ని, ఏ రకాలు సీఐలో ఎర్రరయ్యాయి, ఇవి రాయి. కంపెనీ కోడ్ మాత్రం ఒక్క లైను కూడా బయటపెట్టకు. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీలకు మన హైదరాబాద్‌లోనే పెద్ద సెంటర్లున్నాయి. ఫర్మ్‌వేర్, డ్రైవర్ టీముల ఇంటర్వ్యూలో సైన్డ్, అన్‌సైన్డ్, వొలటైల్ (విలువ బయటినుంచి మారొచ్చని కంపైలర్‌కి చెప్పే పదం) మీద ప్రశ్న పడితే పుస్తకంలోది అప్పజెప్పక్కర్లేదు, నువ్వు పట్టుకున్న బగ్‌నే చెప్పొచ్చు. డేటా సైన్స్ మీద నిజంగా ఇష్టముంటే ఇంటర్న్‌షిప్ అయ్యాక నేర్చుకో, అమీర్‌పేట కోర్సు అప్పటికీ ఉంటుంది.

మూడో నెల చివరికీ ఇదే పని సాగుతుంటే మాత్రం ఊరుకోవద్దు. లాగ్ లెక్కలు పట్టుకెళ్లి, ‘ఎక్కువ బగ్‌లు దొరికిన ఈ మాడ్యూల్‌కి టెస్టులు నేను రాయనా?’ అని లీడ్‌ని అడుగు.