పొద్దున ఎరుపు, మాపటికి నలుపు

ప్రశ్న: మా అమ్మాయి ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ వేసవిలో వెళ్ళినప్పుడు గాజు శిల్పాల ప్రదర్శనకి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గర నడుమెత్తు ఎర్రగాజు దిమ్మ ఒకటి ఉంది. అంచులు దానిమ్మ గింజలా మెరుస్తున్నాయి, నడిమధ్య ఎండిన రక్తంలా చిక్కగా ఉంది. మూసేసే ముందు మళ్ళీ వెళ్ళి చూస్తే మొత్తం నల్లబడిపోయింది. చీటీ మీద లిబెన్‌స్కీ, బ్రిఖ్తోవా అని రెండు పేర్లు. రంగులు వేరువేరుగా చేసి అతికించారా? ఒక్క బొమ్మకి ఇద్దరెందుకు? మా పుట్టింటివాళ్ళది కొమ్ము పని, అందుకే ఇంత అడుగుతున్నాను. మా నాయనమ్మ తన చిన్నప్పటి గాజులు ఆ దేశాలనించే వచ్చేవనేది, నిజమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నా బల్ల మీదున్న కొమ్ము కొంగని తీసి కిటికీలో పెట్టాను. ముప్పై ఏళ్ళ కిందట మీ ఊళ్ళోనే, రాజుగారి కోట వైపు వీధిలో కొన్నాను. ఒళ్ళంతా నలుపు. ఎత్తిన రెక్క కొసన, ఆకురాయితో పల్చగా రాకినచోట మాత్రం తేనె రంగు. కొమ్ము ఒక్కటే, అతుకు లేదు.

మీరు చూసిన దిమ్మలోనూ అతుకు లేదు. ఒకే గాజు, ఒకే ఎరుపు. రెండు వేళ్ళ మందం దాటొచ్చిన వెలుతురు దానిమ్మ రంగులో కనిపిస్తుంది, జానెడు మందంలో పడ్డ వెలుతురు సగం లోపలే ఉండిపోతుంది. సాయంత్రం కిటికీ వెనక వెలుగు తగ్గింది, దిమ్మ నల్లబడింది. ఇంకోటి, అలాంటి దిమ్మల్ని చాలాసార్లు వెనకనించి తొలిచినట్టు గుల్లగా పోస్తారు. ముందునించి మనకి కనపడే ఆకారం ఆ గుల్లదే.

ఇక ఆ ఇద్దరు. స్తానిస్లావ్ లిబెన్‌స్కీ (1921–2002) కాగితం మీద గీసేవారు. యరోస్లావా బ్రిఖ్తోవా (1924–2020) దాన్ని మట్టిలో మలిచేవారు. ఆయన మసిబొగ్గుతో నల్లగా రుద్దినచోట గాజు ఎంత మందం ఉండాలో ఆవిడ చేతులు తేల్చుకోవాలి. నన్నడిగితే కష్టమంతా అక్కడే ఉంది. ఆవిడ ఊరు జెలెజ్నీ బ్రోద్, అక్కడి గాజు బడిని 1920లో మొదలుపెట్టినవారిలో ఆవిడ తండ్రి ఒకరు. 1954లో లిబెన్‌స్కీ ఆ బడికే పెద్దగా వచ్చారు. 1963లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చునిండా గాజు ముక్కలు వేసి కొలిమిలో కరిగిస్తారు. కరగడం తొందరగానే అవుతుంది, చల్లార్చడానికే వారాలు, పెద్దవాటికి నెలలు. తొందరపడితే పైపొర బిగుసుకుపోతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది, ఆ లాగులాటలో దిమ్మ పగిలిపోతుంది. ఆ తర్వాతే సాన, మెరుగు. ఈ రెండూ మీ పుట్టింట్లో చూసే ఉంటారు.

1958లో బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో వాళ్ళ గాజు రాళ్ళు అందరినీ నిలబెట్టేశాయి. గుహల గోడల మీద ఆదిమానవులు గీసిన జంతువుల్ని తలపించే బొమ్మలవి. వాళ్ళ దేశం, అప్పటి చెకొస్లొవేకియాలో, కమ్యూనిస్టు ప్రభుత్వం చిత్రకారుల మీద కన్నేసి ఉంచిన రోజులు. గాజుని మాత్రం ఇంట్లో వాడే అలంకారాల కింద జమకట్టి అంతగా పట్టించుకోలేదు. కాన్వాసు మీద గీస్తే సంజాయిషీ చెప్పుకోవలసిన ఆకారాలు గాజులో నిశ్చింతగా బయటికొచ్చాయి.

మీ నాయనమ్మగారు చెప్పింది నిజం కావచ్చు. జెలెజ్నీ బ్రోద్‌కి దగ్గరే యాబ్లొనెత్స్ అనే ఊరుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశానికి గాజులు అక్కడినించి ఓడలకెక్కి వచ్చేవి. మలారం మోసుకొచ్చిన గాజులమ్మికి కూడా ఆ ఊరి పేరు తెలిసుండదు. మీ పక్కింటి ఒడియావాళ్ళకి గాజు వేరు, చేతి గాజు వేరు: కాచ, చుడి. మనకి రెంటికీ ఒకటే మాట, అందుకే నాకీ సంగతి అంత ఇష్టం. యాబ్లొనెత్స్‌లో గాజు, నగల మ్యూజియం ఉంది. మళ్ళీ వెళ్తే అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళమనండి.

ఆ చీటీ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయని రాశారు చూడండి, అది చదివి చాలా సంతోషపడ్డాను. నా కొంగని తిప్పి చూశాను, అడుగున ఏ పేరూ లేదు. కోట వైపు దుకాణాలకి ఆ రోజుల్లో రెక్క ఎత్తిన కొంగలు చేసిచ్చినదెవరో మీ పుట్టింట్లో ఎవరికైనా గుర్తుంటే నాకు రాయండమ్మా. అడుగున రాసి పెట్టుకుంటాను.