నూనె పాకెట్ మీద తేదీ రాసిపెట్టుకోండి

ఒంగోలు నుంచి అడిగిన చెల్లెమ్మకు ఈ జవాబు. బాబు పుట్టాక ఉద్యోగం మానేశానని, ఇప్పుడు మీవారి ఒక్క జీతంతోనే ఇల్లు నడుస్తోందని రాశారు. ఇంటిపట్టున ఉంటే సరుకుల ఖర్చు తగ్గుతుందనుకుంటే పెరిగిందట. ఎక్కడ పోతోందో తెలియడం లేదు, నెలాఖరున మళ్లీ ఆయన్ని డబ్బులడగాలంటే మనసొప్పడం లేదు అన్నారు. ఆ చివరి మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. నేనూ అక్కడి నుంచే వచ్చాను.

మాది నెల్లూరు, వేదాయపాలెం. పుట్టిల్లు పొదిలి దగ్గర. రెండో పాప పుట్టినప్పుడు, 2022 జూన్‌లో, స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేశాను. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అంతకుముందు నెలసరుకులు, మధ్యలో అంగడి నుంచి తెచ్చుకునేవి అన్నీ కలిపి 6,500 దాటేవి కావు. మానేసిన మూడో నెలకల్లా 8,340 అయింది. అందులో నెల లిస్టు 5,200. మిగతాదంతా వీధి చివరి అంగడిలో పద్దు.

ముందుగా ఒకటి చెప్తాను, దీన్ని మనసులో పెట్టుకోండి. ఖర్చు కొంత పెరగడం సహజం, అది మీ చేతగానితనం కాదు. ఉద్యోగానికి పోయే రోజుల్లో పొద్దున్నే ఒకసారి వండి క్యారేజీ కట్టుకుని పోతాం. మధ్యాహ్నం పొయ్యి వెలగదు. ఇంట్లో ఉంటే పదకొండింటికొక టీ, నాలుగింటికొక టీ, స్కూలు నుంచొచ్చిన పిల్లకు ఏదో ఒకటి వేయించడం, ఎవరన్నా వస్తే కాఫీ. ఇవన్నీ ఇంటి డబ్బాల్లోంచే కదా పోవాలి. ఈ పెరుగుదలకు సిగ్గుపడాల్సిన పని లేదు. దీన్ని పక్కనపెట్టి, మిగతాది ఎటు పోతోందో వెతుక్కోవాలి.

అందరూ చెప్పేదే నేనూ చేశాను. ప్రతి రూపాయీ పుస్తకంలో రాశాను. రెండు నెలలు రాశాను. నెలాఖరుకు కూడితే ఒక అంకె వచ్చేది. దాన్ని చూస్తే టెన్షన్ పెరిగేది తప్ప, రేపటి నుంచి ఏం మార్చాలో తెలిసేది కాదు.

ఒకరోజు వంటింట్లో నేను కొత్త నూనె పాకెట్ కత్తిరిస్తుంటే అత్తయ్య చూసి, "ఏందమ్మా, మొన్న మంగళవారం గదా ఒకటి కోసింది, అప్పుడే అయిపోయిందా?" అంది. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది. నాకు మాత్రం జవాబు తెలియలేదు. నిజంగా మంగళవారమేనా? పెద్దదాని స్కెచ్ పెన్ను తీసుకుని ఆ పాకెట్ మీద ఆ రోజు తేదీ రాశాను. ఐదు రోజులకు ఖాళీ అయింది. తర్వాతది ఆరు రోజులు వచ్చింది, ఆ తర్వాతది మళ్లీ ఐదే. నా లిస్టులో నెలకు నాలుగు లీటర్లు. ఇంట్లో అవుతున్నవి ఐదారు. పైవి అంగడి నుంచి ఒక్కొక్కటిగా వస్తున్నాయి, పద్దులో కలిసిపోతున్నాయి.

ఆ రోజు నుంచి రూపాయలు రాయడం ఆపేసి రోజులు రాస్తున్నాను. నూనె, చక్కెర, టీపొడి, కందిపప్పు, బియ్యం బస్తా, కోడిగుడ్ల అట్ట, సర్ఫు, గ్యాస్ బండ. ఈ ఎనిమిదే. విప్పిన తేదీ పాకెట్ మీదో డబ్బా మూత మీదో రాస్తాను, అయిపోయిన తేదీ క్యాలెండర్‌లో ఆ గడిలో రాస్తాను. రెండు నెలలకు మా ఇంటి అంకెలు నాకు నోటికొచ్చేశాయి. టీపొడి పావుకిలో 11 రోజులు. గుడ్ల అట్ట 9 రోజులు. ఈ అంకెలు ఎవరూ చెప్పలేరు, ఏ వీడియోలోనూ ఉండవు. మీ ఇంటివి మీకే తెలియాలి.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఎక్కువ తేడా అక్కడే వచ్చింది. పాకెట్ మూల కత్తిరించి నేరుగా బాండలిలోకి వంచేదాన్ని. చెయ్యి ఎంత వంగితే అంత పడేది. ఇప్పుడు పావు లీటరు పట్టే చిన్న స్టీలు బుడ్డి ఉంది. రెండు రోజులకొకసారే నింపాలి, మధ్యలో ముట్టుకోకూడదని పెట్టుకున్నాను. ఈరోజు బజ్జీలు వేస్తే రేపటికి బుడ్డిలో అడుగునే ఉంటుంది కాబట్టి రేపు పప్పుచారు, రోటి పచ్చడి. ఎవరినీ వద్దనలేదు, పిల్లల నోరు కట్టలేదు. పాకెట్ ఎనిమిది రోజులు వస్తోంది. అత్తయ్య దగ్గర ఇత్తడి సోల ఒకటుంది, ఆమె పెళ్లినాటిది. బియ్యం ఆమె దాంతోనే కొలుస్తుంది, ఏనాడూ అన్నం మిగిలి పారెయ్యలేదు. బుడ్డి ఆలోచన నాకు ఆ సోలను చూసే వచ్చింది.

పాకెట్ కొనేటప్పుడు ధర కన్నా ముందు గ్రాములు చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే పాకెట్ మీద 850 అనో 800 అనో ఉంటుంది, ఐదారు రూపాయలు తక్కువ. చౌక అని తెచ్చుకుంటాం. మీరు తేదీ రాసేవాళ్లయితే అది ఒకరోజు ముందే అయిపోవడం మీకు కనబడుతుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం దిగుమతి నూనెల మీద సుంకం పెంచినప్పుడు రేట్లు ఎంత ఎగిరాయో మీకూ గుర్తుండే ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా బయటి దేశాల నుంచే వస్తుంది, ఆ రేటు మనం ఆపలేం. పాకెట్ ఎన్ని రోజులు రావాలన్నదే మన చేతిలో ఉంది.

బియ్యం బస్తాల్లోనూ ఇదే చూసుకోవాలి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకే 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి. ఒక అంగడిలో 25, ఇంకో అంగడిలో 26 పెట్టుకుని రేటు చెప్తారు. కిలోకు ఎంతో లెక్కేసుకుని అడగండి. ఇంకొకటి, కొత్త బియ్యం చౌకగా వస్తాయి కానీ ముద్దవుతాయి, ఒదగవు. పాత బియ్యం సోలెడు వేసిన చోట కొత్తవి ఇంకాస్త ఎక్కువ వెయ్యాలి. మాకు పాత బీపీటీ రకం బియ్యం 26 కిలోలు 28 రోజులు వస్తే, కొత్తవి 25 రోజులకే అయిపోయాయి. చౌక అనుకున్నది అక్కడికక్కడే సరిపోయింది.

రెండేళ్లుగా మేం బస్తాలు కొనడం తగ్గించాం. కోవూరు వైపు మావారి చిన్నాన్నకు పొలం ఉంది. మార్చి, ఏప్రిల్‌లో కోతలప్పుడు ఆయన దగ్గర అరపుట్టి వడ్లు తీసుకుంటాం. మా నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, అరపుట్టి 425. అలాగే నిల్వ పెట్టి, పాతబడ్డాక విడతలుగా మర పట్టిస్తే మొత్తం 270 కిలోల దాకా బియ్యం వస్తాయి. మాకు తొమ్మిది నెలల పైమాటే. డబ్బు మాత్రం ఒక్కసారే పెట్టాలి, అది చిన్న విషయం కాదు. మొదటి ఏడు నేను చేయలేకపోయాను. మీకు బంధువుల్లో రైతులు ఎవరన్నా ఉంటే పావుపుట్టితో మొదలుపెట్టండి.

కందిపప్పు విషయంలో మీరు అదృష్టవంతులు, కంది పండే ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నారు. సంక్రాంతి ముందూ వెనకా పొదిలి, కనిగిరి వైపు కొత్త కందులు వస్తాయి. మా నాన్న ఏటా పంపిస్తాడు. అయితే నిల్వ చెయ్యడం చేతకాకపోతే ఎక్కువ కొనడం వల్ల నష్టమే. 2023లో పప్పు పట్టించి పంపిన ఎనిమిది కిలోలు ఎండబెట్టకుండా ప్లాస్టిక్ కవర్లలోనే అల్మారాలో పెట్టేశాను. జూన్‌లో కవర్ విప్పితే అడుగున తెల్లటి పిండి, పప్పంతా పుచ్చు. చాటలో పోసి చూస్తుంటే ఏడుపొచ్చింది, అది నాన్న కష్టం కదా. అమ్మకు ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది: రెండు రోజులు బాగా ఎండనివ్వాలి, చల్లారాక అరచేతికి కాస్త ఆముదం రాసుకుని పప్పుకంతా పట్టించాలి, ఎండిన వేపాకు వేసి డబ్బాలో మూత బిగించాలి. అప్పటి నుంచి ఒక్క గింజ పోలేదు. చింతపండు, ఎండుమిర్చి కూడా వేసవి మొదట్లోనే ఏడాదికి తీసుకుంటాను. మిగతావేవీ నెలకు మించి కొనను.

ఇక పద్దు. ఆ అంగడాయన మీద నాకు కోపం లేదు. కానీ ఒక నెల పద్దులో చక్కెర రెండు రోజుల తేడాతో రెండు కిలోలు రాసి ఉంది. మా ఇంట్లో కిలో 12 రోజులొస్తుందని నాకు అప్పటికే తెలుసు. అడిగితే పొరపాటని కొట్టేశాడు. ఆ రోజులు రాసి ఉండకపోతే నేను కట్టేసేదాన్నే. అంతకన్నా ముఖ్యం, చేతిలో డబ్బు పెట్టకుండా తెచ్చుకునేది మనకు ఖర్చులా అనిపించదు. పద్దు మూసేసి వారానికి 400 చిన్న పర్సులో పెట్టుకున్నాను. అయిపోతే సోమవారం దాకా ఆగాలి. ఆ అంగడికి పోవడం మాత్రం మానలేదు. 2021 నవంబర్ వరదలకు కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు దెబ్బతిని లారీలు ఆగిపోయినప్పుడు వీధంతటికీ ఆయనే సర్దాడు. మన వైపు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి ఆ మూడు నెలలు పదిహేను రోజుల సరుకు ఇంట్లో ఎక్కువ ఉంచుకుంటాను. పిల్లలున్న ఇంట్లో అది అవసరం.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు ఇంట్లో ఉన్నవాళ్లకే ఎక్కువ ప్రమాదం. పాప నిద్రపోతుంటే ఫోన్ చేతిలో ఉంటుంది. కావాల్సింది కొత్తిమీర, డెలివరీ ఛార్జీ పడకూడదని ఇంకో 150 రూపాయల బిస్కెట్లు. నేను కార్ట్‌లో వేసి పొద్దున దాకా వదిలేస్తాను. తెల్లారి చూస్తే సగం తీసేస్తాను.

కూరగాయలకు మేం ఫతేఖాన్‌పేట రైతుబజార్‌కు వారానికి రెండుసార్లు పోతాం, బోర్డు మీద రేటు చూసి కొంటాం. చేపలు మానమని నేను చెప్పను, నెల్లూరి దాన్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు సముద్రపు చేపలు ప్రియం. అప్పుడు చెరువు చేపలో, ముందే ఎండబెట్టుకున్నవో వాడుకుంటాం. మామిడికాయలు వచ్చే కాలమే కనుక పులుసులో చింతపండూ తగ్గుతుంది. చేపల పులుసు రెండో రోజుకే రుచి కాబట్టి ఒకసారి పెడితే రెండు రోజుల కూర అయిపోయింది.

రేషన్ కార్డుంటే బియ్యం వదులుకోకండి. 2025 జూన్ నుంచి ఇంటి దగ్గరికి రేషన్ బండి రావడం లేదు, షాపుకే పోవాలి, 15వ తేదీ లోపల. సన్నబియ్యం తినేవాళ్లు కూడా వాటిని ఇడ్లీ, దోశ పిండికి వాడుకోవచ్చు. అర్హత ఉంటే దీపం పథకం కింద ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితంగా వస్తున్నాయి, మీ ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోండి. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరకే ఇస్తుంటే అడగండి.

మీవారిని అడగడం గురించి. మా అత్తయ్యది కలిగిరి వైపు. 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచిన మండలం అది. ఆ తర్వాత మా జిల్లాలో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాల్లో కట్టుకున్నారు, ఆమె కూడా కట్టింది. నేను ఒకరోజు డబ్బులడగలేక నసుగుతుంటే ఆమె అంది, "నువ్వు నీ కోసం అడుగుతుండావా? ఇంటి కోసం గదా. లెక్క చూపించి అడుగు." ఆ రాత్రి క్యాలెండర్ ఆయన ముందు పెట్టాను. ఏది ఎన్ని రోజులొచ్చిందో గడి గడికీ రాసి ఉంది. ఆయన చాలాసేపు చూసి, "గ్యాస్ 34 రోజులేనా, నేను స్నానానికి నీళ్లు పెట్టడం వల్లనా?" అని అడిగాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అది లెక్క అయింది, గొడవ కాలేదు. ఇప్పుడు నెలకు 6,800 దగ్గర ఉంటున్నాం, రేట్లు ఇంత పెరిగాక కూడా. మిగిలింది మిగిలిన రోజే తీసి అత్తయ్య పోపుడబ్బాలో వేస్తాను. పర్సులోనే ఉంచితే సాయంత్రానికి ఇంకేదో ఖర్చవుతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. చంటిబిడ్డతో కుదరదు. ఈసారి నూనె పాకెట్ విప్పేటప్పుడు తేదీ రాయండి, అంతే. అది ఖాళీ అయిన రోజు ఇక్కడ వచ్చి ఇంట్లో ఎంతమందో, ఎన్ని రోజులొచ్చిందో చెప్పండి. చక్కెర, పప్పు సంగతి అప్పుడు కలిసి చూద్దాం.